గంజికట్టు విప్పిన సాయంత్రం

నా బిడ్డ పొద్దున గంతులు వేసేది, పొద్దు వాలేసరికి పాకేది. ఎవరికి చెప్పినా ఇంతవరకే వినేవాళ్లు. మిగతాది వినకుండానే కొందరు నవ్వేవాళ్లు, కొందరు చెంపలు వేసుకునేవాళ్లు.

అప్పుడు దానికి ఎనిమిదేళ్లు ఉంటాయేమో. సిరిసిల్లలో మా ఆయన సాంచెలు నడిపేవాడు. మరమగ్గాలను మా దగ్గర సాంచెలనే అంటారు. నేను ఇంట్లో బీడీలు చుట్టేదాన్ని. మాతోపాటు మా ఆయన అక్క ఉండేది, నాకు వదిన. ఆమెకు పెళ్లి కాలేదు. కాళ్లు వంకర. మధ్యాహ్నం దాకా గోడ పట్టుకుని నడిచేది, ఆ తర్వాత కూర్చున్న చోటే కూర్చునేది. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆమెను అలాగే చూశాను కాబట్టి ఎందుకలా అని అడగలేదు. ఇంట్లో వంగిన వాసం ఉంటే ఎందుకు వంగిందని ఎవరడుగుతారు.

పిల్ల సంగతి మొదట బయటపడింది చెప్పులతో. కుడికాలి చెప్పు ముందువైపు బయటి అంచు పూర్తిగా అరిగిపోయింది. మడమ మాత్రం దుకాణంలో కొన్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

‘ఎట్ల నడుస్తున్నవే నువ్వు?’ అని అడిగాను.

‘సక్కగనే నడుస్తున్న’ అంది.

అదీ నిజమే. పొద్దున చక్కగానే నడిచేది. బడి నుంచి వచ్చేటప్పుడు గల్లీ మొదట్లో నిలబడి చూశాను. మడమ నేలకు ఆనడం లేదు. పాదం లోపలికి తిరిగిపోయి, వేళ్ల అంచు మీద కుంటుకుంటూ వస్తోంది. కొన్నాళ్లకు పిక్క కట్టెలా బిగుసుకుపోవడం మొదలైంది. తర్వాత రెండో కాలికీ వచ్చింది. దీపం పెట్టే వేళకు చేయి కూడా మెలి తిరిగి, అన్నం గిన్నె జారిపోయేది. మాట మాత్రం తడబడేది కాదు, చదువులో వెనకబడలేదు, జ్వరం లేదు. పడుకుని లేస్తే ఏమీ లేదు. ఎవరో వచ్చి సరిచేసి పోయినట్టు లేచి వాకిట్లోకి ఉరికేది.

అవి అన్నల రోజులు. అడవుల్లో ఉండే నక్సలైట్లను మేం అన్నలనే అనేవాళ్లం. పొద్దుగూకితే బస్సులు నడిచేవి కావు, దుకాణాలు మూసేవాళ్లు. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోయే మగవాళ్లను పోలీసులు బస్సులోంచి దింపి క్యాంపుకు తీసుకుపోయేవాళ్లు. ఎప్పుడు వదులుతారో వాళ్లకే తెలియాలి. అందుకని పిల్లను తీసుకుని ఆసుపత్రులకు నేనే తిరిగాను. ఎక్కడికి పోయినా పొద్దుటి బస్సే. డాక్టరు పిలిచే వేళకు నా బిడ్డ బల్లల మీద ఎక్కి దూకుతూ ఉండేది. డాక్టర్లంతా పొద్దుటి పిల్లను చూశారు. సాయంత్రం పిల్లను చూసింది మేమే.

జగిత్యాలలో పిల్లల డాక్టరు ఒకాయన మంచివాడని విని అక్కడికీ పోయాను. ఆయన మోకాలి మీద సుత్తితో కొట్టి చూశాడు, నడిపించి చూశాడు, సూదితో అరికాలు గీసి చూశాడు.

‘కాలు మంచిగనే ఉందమ్మా’ అన్నాడు. ‘బడికి పోవుడు ఇష్టం లేదేమో. కొట్టకు, మెల్లగ అడుగు.’

‘మాపటికి పాకుతది సారూ.’

‘ఇప్పుడు ఉరుకుతుంది గదా’ అన్నాడు. ఆయన తప్పు కూడా కాదు. కళ్ల ముందు ఉరుకుతూనే ఉంది.

ఇంటికి వచ్చి ఆ సంగతి మా ఆయనకు చెప్పాను. గోడవైపు చూస్తూ అన్నాడు.

‘డాక్టర్లతోని కాదు. ఆదివారం తాతను రమ్మన్న.’

బోయినపల్లి వైపు నుంచి ఒక ముసలాయన వచ్చి నరాలకు వాతలు పెట్టేవాడు. ఇనప చువ్వ ఎర్రగా కాల్చి మోకాలి వెనకా, పిక్క మీదా పెడతాడు. మా ఆయన చెడ్డవాడు కాదు. పిల్ల పాకుతుంటే చూడలేక సాంచెల దగ్గరే ఉండిపోయేవాడు. చేతిలో ఇంకేమీ లేనివాడు చేసే పని అది.

వదిన చీర కుచ్చిళ్లు పైకి లాగి పిక్క చూపించింది. నల్లటి గుండ్రని మచ్చలు, వరుసగా.

‘నాకు పెట్టిండ్రు. సూడు, ఎంత మంచిగ నడుస్తున్ననో’ అంది తమ్ముడితో. ఆయన తల తిప్పుకున్నాడు. అప్పుడు నాతో అంది, ‘వాతలకన్న గంజి నయం. నువ్వు గంజి కాయి, నేను కడ్త.’

మా పద్మశాలీలకు ఏది వదులైనా, ఏది మెలిబడినా గంజితోనే పని. మగ్గానికి ఎక్కించే నిలువు పోగుల్ని పడుగు అంటారు. దాన్ని వీధిలో సాగదీసి గంజి పెడితే ప్రతి పోగూ నిలబడుతుంది. కాలి నరం కూడా పోగు లాంటిదే అని మావాళ్ల లెక్క. వదిన పాత కోరా బట్టను చిక్కటి గంజిలో ముంచి, పిల్ల కాలికి మోకాలి నుంచి వేళ్ల దాకా చుట్టి, మధ్యలో వెదురు దబ్బలు పెట్టి ఎండలో కూర్చోబెట్టింది. ఎండిపోయాక ముందువైపు కోసి తీస్తే కాలి ఆకారంలో గట్టి డొల్ల తయారైంది. సాయంత్రం కాలు తిరగబోయే ముందు దాన్ని తొడిగి నూలు దారంతో బిగించి కట్టేది. కాలు తిన్నగా కనబడేది. లోపల మాత్రం పిక్క కొట్టుకునేది, పిల్ల పళ్లు బిగించి ఏడ్చేది.

ఆదివారం లోపల ఇంకొక్కసారి జగిత్యాల డాక్టరును బతిమాలాలనుకున్నాను. హైదరాబాద్ పెద్దాసుపత్రికి చిట్టీ రాసిస్తే అక్కడికైనా పోతాను, వాతలు ఆగుతాయి. కోరుట్ల నా తల్లిగారి ఊరు. ముందు రోజే అక్కడికి చేరి, తెల్లారి జగిత్యాల బస్సు ఎక్కాం. గంజికట్టు సంచిలో పెట్టుకున్నాను.

బస్సు కోరుట్ల దాటి కొంత దూరం పోయాక ఆగిపోయింది. ముందున్న మోరీ, అంటే చిన్న కల్వర్టు, కింద బాంబు పాతిపెట్టారని పోలీసులకు అనుమానం. అందర్నీ దింపారు, సంచులు తీసి చూశారు. గంజికట్టును అటూ ఇటూ తిప్పి చూసి, పాత బట్ట అనుకుని మళ్లీ సంచిలో పడేశారు. బీడు చేలో తుమ్మచెట్ల కింద కూర్చోమన్నారు. నా బిడ్డ ఊరుకుంటుందా, చేని గట్లెక్కి ఒడ్డు మీంచి ఒడ్డు మీదికి దూకడం మొదలుపెట్టింది.

కాపలా ఉన్న కానిస్టేబులు నవ్వుతూ, ‘ఓ మేకపిల్లా, గా ఒడ్డు దాటకు. దాటితే కట్టేస్త’ అన్నాడు.

‘తాడేది మరి?’ అంది ఇది.

ఎండ నెత్తి మీదికి వచ్చింది, అవతలికి వాలింది. మమ్మల్ని కదలనివ్వలేదు. ఇక ఈ రోజు డాక్టరు దొరకడనుకున్నాను. పిల్ల ఆట ఆపి వచ్చి నా పక్కన కూర్చుంది.

‘అమ్మా, అస్తుంది’ అంది కాలు పట్టుకుని.

సంచిలోంచి గంజికట్టు తీసి తొడిగి కట్టేశాను. కానిస్టేబులు నీళ్లు తాగి తిరిగి వస్తూ చూశాడు. నవ్వు పోయింది.

‘గదేంది కాలుకు?’

‘కట్టు సారూ. గంజికట్టు.’

‘పొద్దుగాల లేకుండె గదా. ఎగురుకుంట తిరిగింది గదా గీ పోరి. ఏం దొరికింది మీకు గా చేన్ల?’

‘ఏం దొరకలే సారూ. సంచిల ఉండె, పొద్దుగాల మీరే సూసిండ్రు.’

లాఠీ కొసతో తట్టాడు. లోపల డొల్ల కదా, టకటకమని మోగింది. ఆయన వెనక్కి అడుగు వేసి ఎస్సైని కేకేశాడు. మాతో పొద్దుటి నుంచి కూర్చుని, నా సద్దిలోంచి రొట్టె తిన్నవాళ్లు కూడా లేచి దూరంగా జరిగారు. చేలో మేమిద్దరమే మిగిలాం.

ఎస్సై మా వైపు మనిషి కాదు, మాట వేరుగా ఉంది. బస్సు వెనక నుంచే అన్నాడు.

‘ఎవరిచ్చారది నీకు?’

‘మా ఇంట్లనే చేసింది సారూ, బాంచెన్. పిల్లకు మాపటికి కాలు వంకరపోతది.’

‘పొద్దున లేని వంకర ఇప్పుడెలా వచ్చింది? సరే, నువ్వే విప్పు. మెల్లగా. పిల్లను కదలనివ్వకు.’

వాళ్లు బస్సు చాటున తుపాకులు ఇటు పెట్టి నిలబడ్డారు. నేను దారం విప్పడానికి కూర్చున్నాను. సాలెముడి అది, లాగేకొద్దీ బిగుస్తుంది గాని జారదు. పోగు జారకుండా వేసే ముడి తొందరపడితే లొంగుతుందా. గోళ్లతో కాలేదు. వంగి పళ్లతో కొరికాను. పిల్ల నా నెత్తి మీద చేయి పెట్టి, ‘అమ్మా, మెల్లగ’ అంటోంది. అది నొప్పికి అంటోంది. నాకు మాత్రం నేను గబుక్కున కదిలితే కాలుస్తారనే అర్థమైంది.

కట్టు ఊడి రాగానే పాదం ఒక్కసారి లోపలికి తిరిగిపోయింది, తెగిన పోగు చుట్టుకున్నట్టు. కానిస్టేబులు వచ్చి డొల్లను బూటుతో తొక్కి, పొరలు చించి, దబ్బలు విరిచి చూశాడు. గంజిపొడి తప్ప ఏమీ రాలలేదు.

‘నడవమను’ అన్నాడు ఎస్సై.

లేచి రెండడుగులు వేసి పడింది.

‘పొద్దున మావాడు చూశాడు, గంతులేసిందని. నటించకు. లే.’

మళ్లీ లేచింది. చేయి కూడా మెలి తిరిగింది. మళ్లీ పడింది. ఈసారి మోకాలు చెక్కుకుపోయి రక్తం వచ్చింది. దూరంగా ఉన్న ఒక ముసలమ్మ అక్కడి నుంచే అంది, ‘సందె గాలి సారూ అది. గా పోరిని ఏమనకుండ్రి, మీ కాళ్లకు తలుగుతది.’

నవ్వాలో కోప్పడాలో ఎస్సైకి తెలియలేదు. ‘ఏం జబ్బమ్మా ఇది?’ అన్నాడు.

‘తెల్వది సారూ. అడుగుదామనే పోతున్న.’

ఆయన చేయి ఊపాడు. మోరీ కింద కూడా ఏమీ లేదట. బస్సు కదిలింది. మేం జగిత్యాలలో దిగేసరికి దుకాణాల తలుపులు పడుతున్నాయి. పిల్లను వీపు మీద వేసుకుని డాక్టరు ఇంటికి ఉరికాను. గేటు దగ్గర కాంపౌండరు, ‘అయిపోయింది, రేపు రాపో’ అన్నాడు. డాక్టరు అప్పటికే స్కూటరు బయటికి తీశాడు. మాట్లాడి మాట్లాడి అప్పటికే విసిగిపోయాను. పిల్లను ఆయన ముందర నేల మీద దించాను. అది లేచి, గేటు పట్టుకుని, వేళ్ల అంచు మీద ఆయన వైపు నడిచి పడింది.

ఆయన స్కూటరుకు మళ్లీ స్టాండు వేశాడు.

‘అప్పుడు అచ్చింది నువ్వే గదా?’

‘నేనే సారూ. గప్పుడు పొద్దుటి పూట.’

లోపల బల్ల మీద పడుకోబెట్టి పాదాన్ని చేత్తో మెల్లగా తిన్నగా చేశాడు. వచ్చింది, వదిలితే మళ్లీ తిరిగిపోయింది. సుత్తితో కొడితే కాలు ఎగిరింది. నెట్టమంటే ఆయన చేతిని బలంగానే నెట్టింది.

‘బలం ఉంది. బిగుతుంది, అంతే’ అని తనలో తను అనుకున్నాడు. ‘పండుకుంటే తగ్గుతదన్నవ్ గదా. గిప్పుడు పండుకోనీ.’

రోజంతా ఎండలో ఉన్న పిల్ల, కళ్లు మూయగానే నిద్రపోయింది. ఆయన కుర్చీలోనే కూర్చున్నాడు, నేను గోడకు ఆనుకున్నాను. కాసేపటికి లేపి నడవమంటే తలుపు దాకా తిన్నగా పోయి తిన్నగా వచ్చింది. ఆయన మళ్లీ వంగి పాదం పట్టుకుని చూశాడు. కాలి మీద ఎర్రటి చారలు చూసి అడిగాడు.

‘గీ గీతలేంది?’

‘గంజికట్టువి సారూ. మా వదినె నేర్పింది. ఆమె చిన్నగున్నప్పుడు వాళ్ల బాపు కట్టిండట.’

‘ఆమెకెందుకు కట్టిండు?’

‘ఆమెకు గూడ మాపటికి...’ అని ఆగిపోయాను. ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఇద్దరి కాళ్లూ చూస్తూ, ఆ రెండూ ఒకటేనని నా నోట్లోంచి వచ్చినప్పుడే నాకు వినబడింది. ఆమెది పాత అవిటితనం, దీనిది కొత్త గాలి అనే అనుకున్నాం అందరం.

డాక్టరు ముందుకు వంగాడు. ‘చిన్నప్పుడు మాపటికేనా?’

‘గప్పుడు మాపటికే అంట. గిప్పుడు పగటికే కూసుంటది.’

ఆ పూట అక్కడే ఉంచుకున్నాడు. తెల్లారి పిల్ల వరండాలో ఒంటికాలి మీద గెంతుతుంటే గుమ్మంలో నిలబడి చూశాడు. లావుపాటి పుస్తకం ఒకటి తెరిచి పెట్టుకుని నాకు అర్థమయ్యేలా చెప్పాడు. మెదడులో ఒక మందులాంటి రసం తయారవుతుందట, కాళ్లూ చేతులూ చెప్పినట్టు కదలాలంటే అది కావాలి. ఈ పిల్లకు అది తక్కువగా తయారవుతుంది. నిద్రలో కొంచెం కూడుతుంది, పొద్దంతా తిరిగితే అయిపోతుంది. రక్తంలో వచ్చే జబ్బు, ఇంట్లో కొందరికి వస్తుంది కొందరికి రాదు, ఆడపిల్లలకు ఎక్కువ వస్తుంది. మీ ఆయనలో దాక్కుని ఆయనకు కాకుండా బిడ్డకు దిగిందన్నాడు.

‘నేను చదివిన గాని సూడలే’ అన్నాడు. ‘ముసలోళ్లకు చేతులు వణికితే ఇచ్చే గోలి ఉంటది. దాన్ల చిన్న ముక్క ఇచ్చి సూద్దాం. గీ జబ్బే అయితే గా చిన్న ముక్కకే కాలు ఇంటది. ఇనకపోతే నేను తప్పు, హైదరాబాద్ పంపిస్త.’

‘ఎన్నొద్దులు సారూ?’

‘ఇంటే, బతికినన్నొద్దులు. ఆపితే మల్ల అస్తది. అన్నం తిన్నంకనే ఇయ్యి, లేకుంటే కక్కుతది. నీ అంతట నువ్వు పెంచకు. ఎక్కువైతే ఒళ్లు ఊకె అటూ ఇటూ ఆడుతది, గప్పుడు నాకు చెప్పు.’

‘మా ఆయన ఆదివారం వాతలు పెట్టిస్తడంట సారూ.’

ఆయన నా ముఖం వైపు చూశాడు. ‘నాలుగొద్దులు ఆగుమను’ అన్నాడు. ‘ఆగకపోతే నా పేరు చెప్పు.’ ఆయన పేరుకు మా గల్లీలో ఎవరు ఆగుతారని నేను అనలేదు.

మందుల దుకాణం ఆయన గోలీలు ఇస్తూ, ‘ముసలోళ్ల గోలీలు పోరికెందుకు? తాతకా?’ అని రెండుసార్లు అడిగాడు. ఎప్పుడు బంద్ పిలుపు వస్తుందో, ఎప్పుడు దుకాణాలు మూస్తారో తెలియదు కాబట్టి ఆయన దగ్గర ఉన్నవన్నీ ఇమ్మన్నాను.

ఇంటికి చేరిన పూట పిల్ల ఆకలి లేదంటే ఉత్త కడుపుతోనే ముక్క వేశాను. కక్కేసింది. ‘విషం పెడ్తున్నవా ఏంది’ అన్నాడు మా ఆయన. తెల్లారి నుంచి అన్నం పెట్టి, పక్కన కూర్చుని వేశాను. మొదటి సాయంత్రం కాలు తిరిగింది. మర్నాడూ తిరిగింది. శనివారం దీపం పెట్టాక గాని తిరగలేదు. నేనెవరికీ చెప్పలేదు. చెప్తే జారిపోతుందేమోనని భయం.

ఆదివారం పగలే ముసలాయన వచ్చాడు. కుంపటి రాజేసి చువ్వలు అందులో పెట్టాడు.

‘పొద్దు వాలనీ. గాలి దిగినంకనే పెట్టాలె. దిగకముందు పెడితే పైకి ఎక్కుతది’ అన్నాడు.

పిల్లను వాకిట్లో పీట మీద కూర్చోబెట్టారు. అది చువ్వలను చూస్తోంది, మేమంతా దాని కాలును చూస్తున్నాం. సాంచెల చప్పుడు తప్ప గల్లీలో ఇంకో చప్పుడు లేదు. ఎండ వాకిలి దాటి గోడ ఎక్కింది. గడప దగ్గర కూర్చున్న వదిన పాదాలు రోజూలాగే లోపలికి తిరిగి బిగుసుకున్నాయి. పిల్ల పాదం నేలకు సమంగా ఆని ఉంది.

‘నడువు బిడ్డా’ అన్నాడు మా ఆయన.

లేచి నడిచింది. మడమ ఆనించి. గోడ దాకా పోయి తిరిగి వచ్చి పీట మీద కూర్చుంది.

‘ఇంకింత సేపు సూద్దాం’ అన్నాడు ముసలాయన.

‘ఎంత సేపు సూస్తవే తాతా’ అంది వదిన. ‘నా కాళ్లకైతే దిగింది. చువ్వలు సల్లారుతయేమో, నాకు పెట్టిపో.’

దీపం పెట్టాను. మళ్లీ నడిపించాం. పాదం కొంచెం లాగింది, అంతే, మడమ లేవలేదు. మా ఆయన లేచాడు. బిందెలోంచి చెంబెడు నీళ్లు ముంచి కుంపటి మీద పోశాడు. ఆవిరి లేచింది. ముసలాయన కోపగించుకోలేదు. ‘వంకర లేని కాలుకు వాత ఎట్ల పెడ్త, మంచిదే’ అని చాయ తాగి వెళ్లాడు.

ఆ తర్వాత వదిన నన్ను దగ్గరికి పిలిచింది. పొద్దుటి నుంచి అడగాలని ఉన్నట్టుంది, అడిగితే పిల్లకు తగ్గుతాయని అడగలేదు.

‘గా గోలీలు నాకు పనికస్తయా?’

ఇవ్వాలని నా చేయి లేచింది. డాక్టరు మాట గుర్తుకొచ్చి ఆగాను. పిల్లవి తీసి ఇస్తే రేపు బంద్ వస్తే దీనికేవి. ‘సారు సూడాలె వదినె’ అన్నాను. ‘నిన్ను తీస్కపోత.’

ఈసారి పొద్దుటి బస్సు ఎక్కలేదు. జగిత్యాలలో సాయంత్రానికి దిగేలా, కావాలనే ఆలస్యంగా బయలుదేరాం. మా ఆయన భయపడ్డాడు గాని వద్దనలేదు. మళ్లీ కోరుట్ల మీదుగానే పోయాం, దారిలో తనిఖీ ఉంది. అదే కానిస్టేబులు ఎక్కి నన్ను గుర్తుపట్టాడు.

‘గీమెకు గూడ కట్టుందా?’

‘కట్టు లేదు సారూ’ అంది వదిన. ‘ఉత్త కాలే. గుంజి సూడు.’

ఆయన దిగిపోయాడు. దిగేముందు, ‘మేకపిల్ల ఎట్లుంది?’ అని అడిగాడు. బాగుందన్నాను.

వదినకు పిల్లలా నాలుగు రోజుల్లో పని కాలేదు. అన్నేళ్లు బిగిసిన కాళ్లు. డాక్టరు మెల్లమెల్లగా పెంచాడు. కుడి పాదం వేళ్లు చివరిదాకా తిన్నగా రాలేదు. కానీ ఎండాకాలం వచ్చేసరికి సాయంత్రం పూట గోడ పట్టుకోకుండా గల్లీ చివరి దాకా పోయేది. సాలెవాళ్లు సాంచెలు ఆపి బయటికి వచ్చి చూసేవాళ్లు. ఆమె ఎవరితోనూ మాట్లాడకుండా పోయి, మాట్లాడకుండా తిరిగి వచ్చేది.

ఇప్పుడు మా ఆయన లేడు, వదినా లేదు. నా బిడ్డ ఇప్పటికీ అన్నం తిన్నాక ఆ ముక్క వేసుకుంటుంది. ఒక్క పూట మరిచిపోతే కాలే గుర్తు చేస్తుంది.

వదిన పెద్దయ్యాక చెప్పులు తొడిగింది లేదు. పాకే మనిషికి ఎందుకు అనేది. నడిచిన ఆ ఏడు మా ఆయన వేములవాడ నుంచి ఒక జత తెచ్చాడు. కొన్ని నెలలకు ఒక సాయంత్రం నేను బీడీలు చుడుతుంటే వచ్చి, ఒక చెప్పు విప్పి నా చాటలోనే పెట్టింది, తంబాకు మీద.

‘మడమ కాడ అరిగింది, సూడు’ అంది.